గొడుగంత దూరం

ఆ ప్రయోగశాల పెద్ద డాక్టరుగారికి మనుషులంటే ప్రేమే కాని, ఆ మనుషులు గొడుగంత దూరంలో ఉండాలి. వాన ఉన్నా లేకున్నా, నాలుగు గోడల మధ్య కూడా, మడిచిన నల్లగొడుగు ఆయన చేతిలో ఉండేది. ఎవరు సమీపించినా దాన్ని అడ్డంగా చాచి "దూరం!" అనేవారు. కొత్త డైరెక్టరు కరచాలనానికి చేయి చాపితే గొడుగు పిడి అందించారు. పాపం, ఆయన దాన్నే మర్యాదగా ఊపి వెళ్ళిపోయాడు. డాక్టరుగారి పెళ్ళి ఫొటోలో దంపతుల మధ్య ఇంకొకరు కుర్చీ వేసుకోవచ్చని రక్తం తీసే నర్సమ్మ ఘంటాపథంగా చెప్పేది.

ఆమెకు ఈ గొడుగంటే ఒళ్ళుమంట. "మనమేమైనా ముళ్ళకంపలమా, దగ్గరికొస్తే గుచ్చుకోవడానికి?" అని ఆయనకు వినపడేటట్టే గొణిగేది.

ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళు అక్కడ రోజూ పొద్దున భుజాలకు మగ హార్మోను జెల్ రాసుకొని, రక్తంలో అదెంత పెరిగిందో చూడడానికి రోజంతా ఆమెకు చేతులప్పగించేవారు. వాళ్ళలో వాగుడుకాయ ఎలక్ట్రీషియన్.

"సార్, దీంతో నాకు కండలొస్తాయా?"

"కండల మాట దేవుడెరుగు. నీ ఒంట్లో ఈ హార్మోను చేసే కార్ఖానా మాత్రం, సరుకు బయటినుంచి వచ్చి పడుతుంటే నాకేం పని అని కాలుమీద కాలేసుకుంటుంది. జెల్ ఆపేస్తే మెల్లగా లేచి మళ్ళీ పనిలోకి దిగుతుంది."

"అచ్చం మా అన్నయ్యే సార్! మా నాన్న ఊళ్ళో ఉంటే పుల్ల తీసి అటు పెట్టడు."

"దూరంగా నిలబడి నవ్వు!"

ఒక పొద్దున అతను జెల్ రాసుకున్న కాసేపటికే అతని అక్క నెలల పాపతో గుమ్మంలోకి వచ్చింది. మధ్యాహ్నం రైలుకు భర్త పనిచేసే ఊరికి వెళ్ళిపోతోంది.

"ఒరేయ్, మేనమామవై ఉండి ఇంకా మొహం చూపించవా? ఇదుగో, ఎత్తుకో!"

అతను చొక్కా కూడా వేసుకోకుండా చేతులు చాచాడు. మధ్యలోకి గొడుగు దూసుకొచ్చింది.

"దూరం!"

"ఇదేం మనిషండీ!" అంది అక్క. "పసిపిల్లన్నా పడదా?"

"పడకపోవడమేమిటమ్మా?" అని ఉరిమారు డాక్టరుగారు. "వీడి భుజంమీది మందు ఆ పాపకు అంటితే చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. మగవాడికి లెక్కగా ఇచ్చే మందు ఆడపిల్లకు ఇష్టారాజ్యంగా అంటవచ్చునా? ఈ నర్సమ్మ కూడా, ఎంత మొత్తుకున్నా, తడి భుజాల మీదికి పరుగెత్తుతుంది. గొడుగు లేకపోతే ఈపాటికి ఈవిడకు మీసాలొచ్చేవి!"

నర్సమ్మ అప్రయత్నంగా పై పెదవి తడుముకుంది. ముళ్ళకంప మాట గుర్తొచ్చి, ఆ చెయ్యి అక్కడే ఉంచుకుంది.

ఎలక్ట్రీషియన్ చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. పాపకేసి చూస్తూ, "కడిగేసుకుంటే సార్?" అన్నాడు.

"కడిగితే ఇవాళ్టి రక్తపరీక్ష దండగ. నీ స్థానంలో ఇంకొకణ్ణి వెతికి మొదటికి రావాలి. ఇప్పటికే ఆలస్యమైందని డైరెక్టరు నన్ను నమిలేస్తున్నాడు."

"పోనీలే అక్కా, ఈసారి వచ్చినప్పుడు..." అతను దూరంనుంచే పాపకు చెయ్యి ఊపాడు.

డాక్టరుగారు గొడుగును నేలమీద టకటకలాడించారు. తరువాత చేతులకు తొడుగులు వేసుకున్నారు.

"సబ్బేదీ?"

స్వయంగా ఆ భుజాలను మసిగిన్నె తోమినట్టు తోమారు. ఆసుపత్రి చొక్కా తొడిగి మెడదాకా బొత్తాలు పెట్టారు. పాపను మందపాటి దుప్పట్లో చుట్టించారు.

"నన్ను తీసేస్తారా సార్?"

"తీసేశాను. ఎత్తుకో!"

అతను ఎత్తుకున్నాడు. ఆపైన ఒక్క మాటైనా అనలేదు. ఆ ప్రయోగశాలలో అది కొత్త సంగతి.

డాక్టరుగారు తొడుగులు పారేసి, చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుని, గొడుగును నర్సమ్మకు అప్పగించారు. "అమ్మా, ఒక్కసారి... నాకూ ఇస్తారా?"

కాసేపటికి నర్సమ్మ గొడుగు చాచింది. "డాక్టరుగారూ, దూరం!"

"ఆ ముక్క పాపకు చెప్పండి," అన్నారాయన మెడ వంకరపెట్టి. "నా చెవి వదలడం లేదు!"