మొదటి రెక్కలావిడ ఏమైంది?

పోయిన మంగళవారం పొద్దున షామ్‌బర్గ్‌లో నేను పనిచేసే ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. అక్క పోయిందని అరోరాలోని వృద్ధాశ్రమం వంటావిడ చెప్పింది. లాండ్రీ గదిలో దుప్పట్లు మడతపెడుతూ ఉన్నపళంగా ఒరిగిపోయిందట. గుండెపోటు అన్నారు. యాభై రెండేళ్ళు.

ఆమె నా తోబుట్టువు కాదు. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఆమె స్టాఫ్ నర్సు. డెబ్బై ఏడులో ఆమె అమెరికా వచ్చి ఈ అరోరా వృద్ధాశ్రమంలో చేరింది. మరుసటి ఏడు నేనూ అదే వృద్ధాశ్రమానికి వచ్చాను. మా ఇద్దరి వీసాలూ ఆ హోమ్ పేరు మీదే ఉండేవి. రాష్ట్రం పెట్టే పరీక్ష పాసయ్యేదాకా ఇక్కడ మేము నర్సులం కాదు, ఆయాలం. పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం, తినిపించడం మా పని. పదిహేనేళ్ళు వార్డు నడిపిన మనిషి ఆమె. హోమ్‌లో బీపీ మిషను కూడా ముట్టుకోకూడదు.

నేను వచ్చేసరికి అక్క రెండుసార్లు పరీక్ష తప్పింది.

"జబ్బు తెలుసు, మందు తెలుసు. వాడు అడిగేదేమిటో తెలియట్లేదే," అనేది.

ఇంగ్లీషు కోసం ఆమె బొమ్మల పుస్తకాలు పట్టింది. మందుల షాపులో తిరిగే స్టాండు మీద అమ్మేవారు. మాట అర్థం కాకపోతే బొమ్మ చూసి తెలుసుకోవచ్చని ఆమె లెక్క. అందులో ఒక రెక్కలావిడ కథ ఆమెకు నచ్చింది. పసుపు ముసుగు వేసుకుని ఎగురుతూ ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడుతుంది. కొత్తవీ పాతవీ కలిపి ఒక పెట్టెడు పోగుచేసింది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళినప్పుడు కూడా సంచిలో ఒకటి ఉండేది. ఒకసారి పాస్టరుగారి భార్య చూసింది.

"బైబిలు పట్టుకోవాల్సిన చేతిలో ఇదేంటమ్మా?"

"దేవదూతలకీ రెక్కలే కదండీ," అంది అక్క.

చదవగా చదవగా మాకొకటి తెలిసింది. రెక్కలావిడ ఒకతె కాదు. పాత పుస్తకాల్లో ఆమె సముద్రపొడ్డున ఓడలకు దారి చూపే దీపస్తంభం కాపలాదారు భార్య. మొగుడు సముద్రంలో పోయాక తెరచాప గుడ్డతో రెక్కలు కుట్టుకుంది. తర్వాత వచ్చిన వాటిలో ఆమె కాలేజీ పిల్ల, ఇనుప రెక్కలు. ఇంకా తర్వాత వేరే లోకం నుంచి వచ్చిన మనిషి, రెక్కలు వీపు మీదే మొలిచాయి. పేరు అదే, ముసుగు అదే. లోపలి మనిషి మాత్రం మారిపోతుంది. ఎందుకు మారిందో ఎక్కడా చెప్పరు.

"పునరుత్థానమేమో అక్కా," అన్నాను.

"పునరుత్థానమైతే పోయిన మనిషే లేవాలి గానీ, వేరే ఆవిడ లేస్తుందటే? ఈ మొదటావిడ ఏమైనట్టు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నీకిచ్చిన యూనిఫారం నీకంటే ముందు ఒక ఫిలిప్పీన్స్ పిల్లది. ఆ పిల్ల ఎక్కడుందో ఇక్కడ ఎవర్నైనా అడిగి చూడు. తెలీదంటారు."

ఆ పుస్తకాల చివర పాఠకుల ఉత్తరాలకు ఒక పేజీ ఉండేది. అక్క ఉత్తరం రాయడానికి కూర్చుంది. మూడు ఆదివారాలు పట్టింది. మాకు తెలిసిన ఇంగ్లీషు ఉత్తరం ఒక్కటే, సెలవు చీటీ. 'గౌరవనీయులైన సంపాదకులకు, నేను సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా' అన్న ధోరణిలో మొదలుపెట్టి, మొదటి రెక్కలావిడ ఏమైందో దయతో తెలియజేయమని రాసింది. కింద సంతకం. సంతకం కింద, మిషన్ ఆసుపత్రిలో పదిహేనేళ్ళు రాసినట్టే, హోదా రాసింది. స్టాఫ్ నర్స్. దాని కింద హోమ్ పేరు, ఊరు. హోదా లేకుండా ఉత్తరం పంపడం ఆమెకు తెలియదు. అది తప్పని నాకూ తోచలేదు.

నాలుగైదు నెలలకు ఉత్తరం అచ్చయింది, ఒక్క మాట మార్చకుండా. కింద సంపాదకుడి జవాబు ఉంది. 'మొదటి ఆమె ఎక్కడికీ పోలేదు, నర్సుగారూ. దీపస్తంభంలోనే ఉంది. ఆమె కథ రాసేవాళ్ళే లేరు.'

అక్క దాన్ని రెండుసార్లు చదివింది. "అంటే అక్కడే ఉంచేశారన్నమాట," అంది.

ఆ పేజీని ఆయాలు టీ తాగే గదిలో బోర్డు మీద గుచ్చింది నేనే. మన మనిషి పేరు అమెరికా పుస్తకంలో పడిందన్న గర్వంతో గుచ్చాను. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు హోమ్ నడిపే డైరెక్టరు ఆ పేజీ పట్టుకుని అక్కను పిలిచింది. నేనూ వెంట వెళ్ళాను. లైసెన్సు లేకుండా నర్సునని రాసుకోవడం ఈ రాష్ట్రంలో నేరమంది. పైగా హోమ్ పేరు పెట్టి ఊరంతటికీ చాటావంది.

"ఐ యామ్ నర్స్, మేడమ్. ఇన్ మై ప్లేస్, ఐ యామ్ నర్స్," అంది అక్క.

"ఇది నీ ఊరు కాదు."

పోలీసులకు చెప్పనంది, ఉద్యోగం తీయనంది. కానీ పరీక్షకు కావలసిన రెండు రోజుల సెలవు ఇక ఇవ్వనంది. కాదని మానేస్తే వీసా పోతుంది. అక్క తల ఊపింది. పేజీ నేనే గుచ్చానని చెప్పడానికి నోరు తెరిచాను. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. బయటికొచ్చాక, "ఇద్దరం ఎందుకే?" అంది. అంతే.

ఆ తర్వాతి పరీక్ష నేను రాశాను. ఆ రెండు రోజులూ నా డ్యూటీ కూడా అక్కే చేసింది. పాసయ్యాను. షామ్‌బర్గ్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి నేను వెళ్ళే రోజు నా ఇస్త్రీ బట్టలు పెట్టెలో తనే సర్దింది. మడత పోకుండా మధ్యన కాగితాలు పెట్టింది.

నాలుగేళ్ళకు ఆ డైరెక్టరు మారింది. కొత్తాయన మంచివాడని వంటావిడ చెబితే అక్కకు ఫోన్ చేశాను.

"సెలవు అడుగు. అడిగితే పోయేదేముంది?"

"ఆ పరీక్ష పుస్తకాలన్నీ మళ్ళీ చదవాలిగా," అంది అక్క. తర్వాత, "ఇక్కడ ముసలాళ్ళు నాకు అలవాటైపోయార్లే," అంది. నేను మళ్ళీ అడగలేదు. అడగాల్సింది.

ఆఖరిసారి ఆమెను చూసింది పోయిన వేసవిలో, ఒక మధ్యాహ్నం. నా డ్యూటీ నుంచి అటే యూనిఫారంలో హోమ్‌కి వెళ్ళాను. గుమ్మం దగ్గర బల్ల మీద, వచ్చినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం ఉంది. సంతకం చేసి, చెయ్యి అలవాటుకొద్దీ కింద ఆర్.ఎన్., అంటే రిజిస్టర్డ్ నర్స్, అని రాసేశాను. రాశాక గానీ చూసుకోలేదు. అక్క పక్కనే నిలబడి ఉంది. కళ్ళజోడు సర్దుకుని వంగి చదివింది.

"పూర్తిగా రాయరా ఇక్కడ?"

"రెండక్షరాలే అక్కా."

"చాలు," అంది.

నేను పుస్తకం మూయబోయాను. అక్క ఆపింది. సిరా ఇంకా తడిగా ఉంది. అది ఆరేదాకా పుస్తకం మూతపడకుండా పేజీకి తన అరచేయి అడ్డం పెట్టుకుని నిలబడింది.