దూది పెట్టని చెవి

కూతురు కృష్ణప్రియ కొనిచ్చిన ఇయర్‌బడ్స్‌ను గణపతిరావు రెండోరోజే మంచం మీదికి విసిరేశాడు.

"ఎడమది పలకట్లేదు. ఆ దుకాణంవోడు నక్లీ మాల్ అంటగట్టేసాడు. పద, వాడి సంగతేటో తేల్చేద్దాం."

"ఆగు నాన్నా, బ్యాలెన్స్ జరిగిపోయుంటాది." ఆమె మళ్లీ వాటిని అతని చెవుల్లో పెట్టి, ఫోన్‌లో ఎడమ, కుడి అని ఉన్న గీత మీది చుక్కను పూర్తిగా ఎడమకు జరిపింది.

"ఏటి చేసావు? ఇప్పుడు రెండూ పోయాయి."

ఎడమది తీసి ఆమె తన చెవిలో పెట్టుకుంది. పాట హోరుమంది. ఉలిక్కిపడి తీసేసి, తండ్రి మొహం చూసింది.

బొబ్బిలి నుంచి వచ్చినప్పటి నుంచీ, ఇరవయ్యారేళ్లుగా, హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో, కాల్చిన ఇనుమును సాగగొట్టే ఫోర్జింగ్ షాపులో, పెద్ద యంత్రపు హ్యామర్ పక్కనే అతని డ్యూటీ. అక్కడ అందరూ కుడి చెవిలోనే దూది కుక్కుకుంటారు. క్రేన్ నెత్తి మీదికొస్తే గంట వినబడాలని ఎడమది వదిలేస్తారు. రెండూ మూసుకున్న ఒకడి మీద ఇనపదిమ్మ పడిన నాటి నుంచీ అదే అలవాటు.

"మరి క్రేన్ గంట ఏ చెవితో ఇంటన్నావు నాన్నా?"

"ఇనబడతాది లే," అని కసిరాడు గణపతిరావు.

ఆ గంట ఆఖరిసారి ఎప్పుడు విన్నాడో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. గుర్తొచ్చింది వేరే. ఈ ఏడాది తోటివాళ్లు మూడుసార్లు అతని చొక్కా పట్టుకుని పక్కకు ఈడ్చారు. ఎందుకు ఈడ్చారని అడక్కుండా, మూడుసార్లూ వాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాడు.