మైకులో నా కార్డు గుర్తులు

"...కార్డు వెనకవైపు మూడంకెలు, ఏడు, సున్నా, నాలుగు. పోగొట్టుకున్నవారు వెంకటరత్నం గారు. వారి పుట్టినతేదీ..."

నిన్న పొద్దున నరసరావుపేటలో మా వీధి మొదట్నుంచి మైకు ఆటో ఇలా అరుచుకుంటూ వస్తుంటే, నేను అరుగు మీద కాలు మీద కాలేసుకుని వింటున్నా. కాయితం రాసిచ్చింది నేనే. ఆటో బాషా ఒక్క అంకె తప్పు చదవలేదు.

జరిగిందేందంటే, లేచి చూసుకుంటే జేబులో క్రెడిట్ కార్డు లేదు. లక్ష రూపాయల లిమిటు. ఎవడన్నా గీకితే కట్టాల్సింది నేను. మా అమ్మాయి లలిత, "కంగారు పడమాక నాన్నా, బ్లాక్ చేయిస్తా" అని బ్యాంకుకి ఫోన్ కలిపింది. వాళ్లేమో ఒకటి నొక్కు, మూడు నొక్కు అని, చివరికి పాటేసి కూర్చోబెట్టారు.

నేను ఊరుకునే మనిషినా? ఆ మధ్య మా గేదె తప్పిపోతే, నుదుట తెల్లమచ్చ, ఎడమ కొమ్ము వంకర అని మైకులో చెప్పించా. సాయంత్రానికి ఇంటికొచ్చింది. కార్డుకి మచ్చలుండవు కదా, అంకెలే గుర్తులు. మొన్ననే ముందుజాగ్రత్తగా రెండువైపులా జిరాక్స్ తీయించి బీరువాలో పెట్టా. అందులో చూసి మొత్తం రాసిచ్చా.

ఆటో మా ఇల్లు దాటాక లలిత ఫోను చెవికి పెట్టుకునే బయటికొచ్చింది.

"నాన్నా, ఇంక దొంగకి కార్డుతో పనేంది? ఈ అంకెలు చాలు. నీ పేరు, పుట్టినతేదీ కూడా ఇచ్చావు."

"మన వీధిలో దొంగలెవరే?"

"ఆటో బస్టాండు మీదుగా వచ్చింది."

అప్పుడెక్కింది నాకు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తా. "ఒరేయ్ బాషా, ఆపరా" అంటే ఆ మోతలో వాడికి వినపడితేగా. మలుపు దగ్గర అందుకుని మైకు వైరు పీకేశా. వాణ్ణి వెంటబెట్టుకుని ఇంటికొస్తే వాకిట్లో జనం.

పక్కింటి రమణమ్మ పాలలెక్కల పుస్తకం చూపించింది. "మొత్తం రాసుకున్నా అన్నయ్యా, దొరికితే సరిచూడొచ్చని."

ఎదురింటి సుబ్బారావైతే అరచేతి మీదే రాసుకున్నాడు. లలిత ఆమె చేత కాయితం చింపించింది, ఈయన చెయ్యి సబ్బుతో కడిగించింది. ఈలోపు పాట ఆగి బ్యాంకు మనిషి పలికాడు. కార్డు బ్లాక్ అయింది. ఎవరూ వాడలేదంట. హమ్మయ్య అనుకున్నా.

అప్పుడొచ్చాడు జిరాక్స్ షాపు శీను, చేతిలో నా కార్డు.

"మైకు విని తెచ్చా మామా. మొన్న కాయితాలు తీసుకుని, దీన్ని మిషను మూత కిందే వదిలేసి పోయావు."

పోకుండా కాపాడదామని తీయించిన జిరాక్స్ దగ్గరే పోగొట్టా మరి.

మా ఆవిడ కోటేశ్వరమ్మ విస్తళ్లు పట్టుకొచ్చింది. "పొద్దెక్కింది, అందరూ తిని పోండి."

హాల్లో వరసగా కూర్చున్నాం. గోంగూర పప్పు, ఊరమిరపకాయలు. బాషా మొదటి ముద్ద మింగి అడిగాడు.

"బాబాయ్, మూడు రౌండ్లకి మాట్లాడుకున్నాం. ఇంకా రెండున్నయ్. ఏం చెప్పమంటావు?"

మా ఆవిడ నెయ్యి వడ్డిస్తూ అంది. "మీ బాబాయి బుర్ర తప్పిపోయిందని చెప్పు. దొరికినోళ్లు తెచ్చివ్వమను."

అంతా విరగబడి నవ్వారు. నేను తొణకలేదు. పప్పు కలుపుకుంటూనే అన్నా.

"చెప్పరా బాషా. గుర్తులు మాత్రం చెప్పమాక."