అల్మారాలో పండుకున్న బ్యాటు

రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు, జూన్‌లో బడులు తెరిచిన వారమే, నన్ను వరంగల్ కొత్తవాడ దగ్గరి ఒక బాలికల హైస్కూలుకు బదిలీ చేశారు. పోస్టు పీఈటీ, అంటే ఆటల టీచరు. ఆ బడి పిల్లలకు సాఫ్ట్‌బాల్ అంటే ప్రాణం. ఈ ఆట బ్యాటు క్రికెట్ బ్యాటులా చదునుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. మా దగ్గరున్నవన్నీ పాత అల్యూమినియంవి. బంతి సరిగ్గా తగలకపోతే మోచేతిదాకా జివ్వుమనేది.

టీంలో రూతు అని పదో తరగతి పిల్ల ఉండేది. వాళ్లమ్మ జంపఖానాలు నేస్తుంది. రూతు ఉరికితే పట్టేవాళ్లు లేరు గానీ చేతుల్లో బలం తక్కువ; కొట్టిన బంతి దగ్గర్లోనే పడేది. ఆ ఏడు గడిస్తే వయసు దాటిపోతుంది. ఆ ఏటి టోర్నమెంట్‌లో సెలెక్టర్ల కంటపడి రాష్ట్ర జట్టుకు ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, లేకపోతే చదువు మానేసి తల్లి పక్కన మగ్గం మీద కూర్చోవడమే.

ఆ వానాకాలం పూర్వ విద్యార్థులు కాంపోజిట్ బ్యాటు ఒకటి కొనిచ్చారు. కార్బన్ నారను పొరలుపొరలుగా పేర్చి, జిగురుతో బిగించి చేస్తారు. తేలికగా ఊపవచ్చు, చేతులు అదరవు, బంతి తగిలినచోట గోడ కొద్దిగా ఒదిగి తిరిగి విసురుతుంది. రూతులాంటి పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి! పిల్లలు ప్లాస్టిక్ కవరు మీదనే కుంకుమ బొట్టు పెట్టారు. రూతు వాళ్లమ్మ వచ్చి ప్రార్థన చేసింది. హెడ్‌మిస్ట్రెస్ మేడం కవరు తీయకుండానే షీల్డుల అల్మారాలో పెట్టి తాళం వేశారు.

"గీతలు పడితే ఎట్ల మేడం? టోర్నమెంట్ నాడు తీద్దాం. జర ఓపిక పట్టండి" అన్నారు నాతో.

పట్టుచీరను పెళ్లికని బీరువాలో దాచినట్టు, కొత్తదేదైనా దాచడం మనందరికీ అలవాటే. నాకు మాత్రం ఒళ్లు మండింది. కాంపోజిట్ బ్యాటు కొత్తలో బిర్రుగా ఉంటుంది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా కొన్ని వందల దెబ్బలు కొట్టాలి. దెబ్బ దెబ్బకూ కొంచెం తిప్పుతూ చుట్టూ సమంగా కొడితేనే పొరలు సడలి పనిలోకి వస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా తాళం కదల్లేదు.

చివరికి మేడంనే గ్రౌండుకు పిలిచాను. మీ కళ్లముందే కొన్ని బంతులు కొట్టిస్తానని బతిమాలితే బ్యాటు తెచ్చారు. రూతు ముందు పాతదానితో కొట్టింది, తర్వాత కొత్తదానితో. కొత్తదానితో కొట్టిన బంతి పాతదానికంటే దగ్గర్లోనే పడింది. పిల్ల ముఖం మాడిపోయింది.

"గింత ఖరీదు పెట్టింది దీనికా?" అన్నారు మేడం.

"అదింకా నిద్ర లేవలేదు మేడం. మీరే అల్మారాల పండవెట్టిన్రు" అన్నాను. అయ్యో, నోరు జారానే అనుకున్నాను. ఆమె పకపకా నవ్వి తాళంచెవి నా చేతిలో పెట్టారు.

ఇక రోజూ బడి విడిచాక టీం మొత్తం వంతులవారీగా కొట్టేది. ఎవరైనా తిప్పడం మరిచిపోతే "ఏయ్, తిప్పు!" అని మిగతావాళ్ల కేకలు. మీకెందుకు ఫికర్, నేను కొట్టుకుంట గదా అని రూతు మొహమాటపడితే, "నువ్వొక్కదానివే కొడితే టోర్నమెంట్ అయిపోతది, పో!" అని కెప్టెన్ కసిరింది. రానురాను చప్పుడు మారింది. పొడిగా టక్కుమనేది కాస్తా నిండుగా మోగసాగింది. అది విని నాకు ప్రాణం లేచొచ్చింది.

టోర్నమెంట్ రోజు, సెలెక్టర్లు చూస్తుండగా, అంపైర్ బ్యాట్లన్నీ తనిఖీ చేశాడు. ఆమోదముద్ర చూసి, కొలత రింగులోంచి జార్చి, చెవి దగ్గర ఊపాడు. గీతలు చూసి మేడం గుండె పట్టుకున్నారు. గీతలుంటే ఏం కాదు, పగులు ఉండొద్దని ఆయన తిరిగిచ్చాడు. రూతు కొట్టిన బంతి ఫీల్డర్ల తలల మీదుగా పోయి ఖాళీలో పడింది. ఉరకడం ఆమెకు ఒకరు నేర్పాలా! చుట్టి రావాల్సిన నాలుగు బేసుల్లో మూడోది చేరాకే ఆగింది. ఆ రోజు అలాంటివి ఇంకా కొట్టింది. సాయంత్రం చదివిన పేర్లలో ఆమెది ఉంది. వాళ్లమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

నేను రిటైరయ్యే నాటికి ఆ బ్యాటు లోపల పగిలి, ఊపితే గలగలమనేది. ఆటలోంచి తీసేసి మేడంకు అప్పగిస్తూ, ఇప్పుడు అల్మారాలో పెట్టుకోండి అన్నాను. షీల్డుల ముందు వరసలో పెట్టారు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. బడికి ఎంత మంచి సామాను వచ్చినా, దాని గుణాలు తర్వాత తెలుసుకోవచ్చు. ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగాలి.