శ్రీకాకుళం బయల్దేరిన పరవాన్నం

ఆ రోజుల్లో నీరు ఎటు పోతుందో చూడడానికి ఎవరూ టోపీలు పెట్టుకుని బయల్దేరేవారు కాదు. మొన్న ఆదివారం మా కోడలు పిల్లల్ని వెంటేసుకుని తెరుబలి అవతల కొండకి ‘నిధి వేట’కి వెళ్ళింది. కొండ మీద పడ్డ వాన వాగులోకి ఎలా చేరుతుందో కనిపెట్టాలట. మెళ్ళో బొమ్మల అట్టలు, చేతుల్లో ఫోన్లు, నీళ్ళని చూడడానికి పోతూ సంచినిండా కొనుక్కున్న నీళ్ళ సీసాలు! సాయంత్రం మా మనవరాలు గెలిచిన బహుమతి చూపించింది. పెన్సిలు. మా వేటలో పందెం పెన్సిలు కాదు, మా అమ్మ పుట్టిల్లు.

మా నాన్న రాయగడలో పప్పుల టోకు వ్యాపారి. కాలేజీ చదువు ముగించి కొట్లో కూర్చున్న నేను, ఈ చుట్టుపక్కల నా అంత తెలివైనవాడు లేడని నమ్మేవాణ్ణి (నమ్మింది నేనొక్కణ్ణే). కొట్లో నాన్నది ఒకటే శాసనం: సరుకు బయల్దేరిందంటే దాని వెనక మన మనిషి ఉండాలి. ఒక్క శెనగపప్పు బస్తా పద్మపూర్ వెళ్ళినా లారీలో మనవాడు కూర్చోవలసిందే. అంతటి జాగ్రత్తపరుడు, ఓ పెళ్ళి పంక్తిలో మా మేనమామ తనకి పెరుగు మారు వడ్డించకుండా దాటిపోయాడని అలిగి, అమ్మని శ్రీకాకుళంలోని పుట్టింటికి పంపడమే మానేశాడు. పెరుగు కోసం!

ఆ కార్తీకంలో వనభోజనాలకి కల్యాణసింగ్‌పూర్ దగ్గర కొండ కిందకి వెళ్ళాం. కోతలైపోయినా ఊటనీరు మెట్లమెట్లుగా ఉన్న మళ్ళలోంచి దిగుతూనే ఉంది. మా బాబాయి భూగోళం మాస్టారు. సెలవునాడైనా పాఠం చెప్పకపోతే అన్నం సహించని మనిషి. అమ్మ వండిన పరవాన్నం సత్తు కేనులో సగానికి పోసి, మూత బిగించి, ఎక్కడో దాచేసి వచ్చాడు. దారి పొడుగునా రాళ్ళ కింద చీటీలు. ఊట దగ్గర ఓ ఆకు వదిలి, దాని వెనకే నడుస్తూ అవి చదువుకుంటూ పోవాలి.

“కేను తెచ్చినోలు ఏటడిగినా అన్నయ్య ఒప్పుకోవాల,” అన్నాడు బాబాయి. పులిహోర మత్తులో ఉన్న నాన్న తలూపేశాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఒరే, నువ్వు గెలిసి నా పుట్టింటి సంగతి అడగాల్రా. నానడిగితే మీ నాన్న ముకం తిప్పేస్తారు.”

ఆకు వెనక నడవడమా, నేనా? నీరు కిందకే కదా పోయేది! కొండ దిగి, వాగు నాగావళిలో కలిసేచోటికి తిన్నగా పరిగెత్తాను. అక్కడ ఓ గేదె తప్ప ఏమీ లేదు. వెనక్కి చూస్తే బాబాయి పిల్లల ఆకు తిన్నగా దిగడం లేదు. గట్టు వెంబడి పక్కకి పోయి, సందు చూసుకుని కింది మడిలో దూకి, మళ్ళీ పక్కకి పోతోంది. ఆ నీటి వెనకే వాళ్ళూ మెలికలు తిరుగుతూ వస్తున్నారు. అప్పుడు కనిపించింది కేను, ఆఖరి మడి మూల, పీకలదాకా నీళ్ళలో. నా కొత్త పంట్లానికి బురద అంటకూడదు. గట్టుకి గండి కొడితే నీళ్ళు పోతాయి, కేను మిగులుతుంది. ఇదీ నా లెక్క. గండి కొట్టాను. నీళ్ళతోపాటు కేనూ వాగులోకి పోయింది.

మెడలోతు వరదలో దాని వెంట ఈదాను (మోకాలి లోతు. సరే, పిక్కలోతు). “పోనాది! నాగావళిలోకి పోనాది!” అని నా కేకలు.

నాన్న ఊగిపోతూ వచ్చాడు. “ఇంత సదువు సదివేవు, గట్టెందుకు తెంపేవురా ఎదవా?”

అమ్మ మాత్రం బాబాయిని నెమ్మదిగా అడిగింది. “మరిదిగారూ, ఈ ఏరు ఏ ఊరెల్తాది?”

“పార్వతీపురం దాటి సీకాకుళం ఎల్తాది వదినా.”

అమ్మ నాన్నకేసి తిరిగింది. “అయితే సరుకు మా పుట్టింటికే బయల్దేరిందండి. ఎనకాల మనిసేడీ?”

నాన్న మీసం కాసేపు అటూ ఇటూ అయింది. “రేపు పొద్దుటి బండికి ఎల్లు,” అన్నాడు చివరికి. “కేను మర్సిపోక పట్రా.”

ఆ కేను శ్రీకాకుళం రేవు చేరిందనీ, మా అమ్మమ్మ రుచి చూసి బెల్లం చాలలేదందనీ మనవలకి చెబుతూ ఉంటాను. శుద్ధ అబద్ధం. చేపల కోసం వాగుకి అడ్డంగా కట్టిన వెదురు తడికకి తగులుకుని, అది నా వెనకే ఉంది. నాన్న తిడుతుండగా చూశాను. గెలిచానని ఎత్తి చూపిద్దును. ఈలోగా అమ్మ ఆ మాట అంది. సరుకు ఇక్కడే ఉంటే మనిషెందుకు? ఏమీ ఎరగనివాడిలా దానికి అడ్డంగా నిలబడి మడమతో ఒక్క తన్ను తన్నాను. తడిక దాటి చక్కా పోయింది.

మర్నాడు రైలు కదులుతుంటే అమ్మ కిటికీలోంచి వంగి అడిగింది. “మడమ నొప్పెడతందేటిరా?”

ఇప్పటికీ నాగావళి వంతెన మీద రైలు దాటుతుంటే కేను కోసం కిందికి తొంగి చూస్తాను, ముసలి వెధవని.