కార్ఖానా సంపులో సముద్రం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా అక్క ఫోన్ చేసింది. పెళ్లిళ్లలోనో చావుల్లోనో ఎదురుపడితే ఆమె "బాగున్నవా" అనడం, నేను "బాగున్న" అనడం, అంతటితో ఇద్దరం చెరో గదిలోకి వెళ్లిపోవడం మాకు చాలా ఏళ్లుగా అలవాటు. అందుకని ఫోన్ మీద ఆమె పేరు చూడగానే ఎవరో పోయారనుకున్నాను. ఎవరూ పోలేదు. "పాత సంపు తెరిపిస్తున్నం, ఇంకుడు గుంత చేద్దామని. లోపల నీ సామాను ఉన్నది. వచ్చి తీస్కపో" అంది. నా సామాను ఏముందక్కా అక్కడ అంటే, "అవేనే, నీ పసుపుపచ్చ బుంగలు. పనోళ్లు రేపొస్తరు" అని పెట్టేసింది. సికింద్రాబాద్ కార్ఖానా ఏరియాలోని ఆ ఇల్లు ఆమెది. నేలలో కట్టిన ఆ నీళ్ల సంపు ఆమెది. ఆ బుంగలను అందులో ముంచినవాడు ఆమె మొగుడు. ఇన్నేళ్ల తర్వాత కూడా అవి మాత్రం నావి. ఒళ్లు మండింది. మండడానికి కొత్తగా ఏమీ జరగలేదు, పాతదే సరిపోయింది.

నేను చేసే పని చెబితే సికింద్రాబాద్‌లో ఎవరూ నమ్మరు. సముద్రంలో వేసే పైపులకూ తాళ్లకూ ఆధారంగా ఉండే ఫ్లోట్లు, మా ఇంట్లో బుంగలనేవి, డిజైన్ చేస్తాను. మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి ఈ మాట చెబితే, "సముద్రమేడుందమ్మా ఈడ? ట్యాంక్‌బండ్ల వేస్తరా?" అని ఒకతను నిజంగానే అడిగాడు. మరి ఎలా చెప్పాలి? మిద్దె మీద పొడుగాటి దండెం కట్టి తడి దుప్పట్లు ఆరేస్తే మధ్యలో జారి నేలకు తగులుతుంది కదా, అప్పుడు కింద ఒక కర్ర ఊతం పెడతాం. సముద్రంలో పైపు కూడా అంతే. ఓడ నుంచి అడుగుకు వేలాడే పైపును దాని మానాన వదిలేస్తే నేలకు రాసుకుని అరిగిపోతుంది, లేదా ఒకచోట మడతపడి చీలుతుంది. అక్కడ కింద కర్ర పెట్టడానికి వీల్లేదు. కాబట్టి పైపు చుట్టూ, నీళ్ల మధ్యలోనే, పప్పు బద్దల్లాంటి రెండు సగాల ఫ్లోట్లు బిగించి పైకి ఎత్తి పట్టిస్తాం. ఎంత ఎత్తాలి, ఎక్కడ ఎత్తాలి, ఎన్నాళ్లు ఎత్తి పట్టాలి అనేదే నా బతుకు. ఎక్కువ ఎత్తినా తప్పే, తక్కువ ఎత్తినా తప్పే. ఇంట్లో ఆడవాళ్ల పని లాంటిదే, కనపడదు గానీ వదిలేస్తే మొత్తం కుప్పకూలుతుంది.

ఈ పనిలో నన్ను పెట్టింది అక్క మొగుడైన మా బావే. అది కాదనను. ఆయన గురించి రాసేటప్పుడు మర్యాదకు "పెట్టారు", "అన్నారు" అని రాయాలి. రాయను. మొదట్లో మా బావ ఫైబర్ నీళ్ల ట్యాంకులు పోసేవాడు. బొంబాయి కాంట్రాక్టరు ఒకతను పరిచయమై, ట్యాంకులో నీళ్లు ఆపగలిగినవాడివి ఫ్లోటులోకి నీళ్లు రాకుండా ఆపలేవా అని అడిగాడట. ఆ మాట మా బావ తలకెక్కింది. ఇంటి మీది అంతస్తు ఆఫీసైంది. మెకానికల్ చదివి ఖాళీగా ఉన్న మరదలు ఇంజనీరైంది. ఇంటి ముందున్న సంపు సముద్రమైంది.

ఆ సంపు సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కొత్త రకం ఫ్లోటు ఏది పోసినా దానికి పసుపు కుంకుమ పెట్టి, సంపు గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, దాని కింద రాళ్లు కట్టి నీళ్లలోకి దింపేవాళ్లు. రాళ్లు మోస్తూ తేలితే పాసైనట్టు. ఆ రోజు మా అక్క మోటరు వేయకూడదు. వేస్తే నీళ్లు కదులుతాయి, పరీక్ష చెడుతుంది. ఆమె బిందెలతో తోడుకుని వంట చేసేది. ఆ ఇంట్లో టీకి ఫైబర్ పోసే రెజిన్ జిగురు వాసన, పప్పుకు రెజిన్ వాసన. చుట్టాలు "నీళ్లు జెర తేడా ఉన్నయే" అంటే ఆమె మొగుడి వైపు చూసేది కాదు, నా వైపు చూసేది. నీళ్లపైన తేలే ఫ్లోట్లు చేసినన్నాళ్లూ ఆ పరీక్ష చాలు. నేనూ ఆ కుంకుమ బొట్లు చూసి నవ్వుకుని ఊరుకునేదాన్ని.

తర్వాత లోతు పని వచ్చింది. ఫ్లోట్లు పైన కాదు, చాలా కిందుగా, నీళ్ల నడుమ పైపును పట్టుకోవాలి. అంత లోతులో నీళ్లు నాలుగు వైపుల నుంచీ నొక్కుతాయి. మెత్తటి ఫోము ఆ నొక్కుడుకు కుంచించుకుపోతుంది. కుంచించుకున్నది తక్కువ ఎత్తుతుంది, తక్కువ ఎత్తినది ఇంకా కిందికి దిగుతుంది, కిందికి దిగినకొద్దీ మరింత కుంచించుకుంటుంది. ఒకసారి మొదలైతే ఆగేది కాదు. అందుకని రవ్వకన్నా సన్నటి గాజు బుడగలను రెజిన్‌లో కలిపి గట్టిపరిచిన ఫోము వాడాలని నేను డ్రాయింగు వేశాను. మా బావ పసుపుపచ్చ ఫైబర్ డొల్ల పోయించి, లోపల థర్మాకోల్ లాంటి తెల్ల ఫోము నింపించాడు. చూడడానికి రెండూ ఒకటే. రెండిటినీ సంపులో వేశారు. ఆయనది తేలిక కదా, నా దానికన్నా ఒక రాయి ఎక్కువే మోసింది. పనివాళ్లందరి ముందూ మా బావ నడుం మీద చేతులు పెట్టుకుని, "సూడుండ్రి, ఇంజనీరమ్మ బుంగ జెర కష్టపడుతున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. కిటికీలోంచి మా అక్క కూడా నవ్వింది.

సంపు మనిషి లోతు, సముద్రం అలా కాదు అని ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. "నీళ్లు నీళ్లే కదనే" అనేవాడు. ఇక లాభం లేదని ప్లంబర్లు పైపులు పరీక్షించే చేతి పంపు అద్దెకు తెచ్చాను. లావు ఇనుప గొట్టంలో ఆ తెల్ల ఫోము ముక్క పెట్టి, నీళ్లు నింపి, రెండు వైపులా బిగించి, ఆ లోతులో ఉండే ఒత్తిడి వచ్చేదాకా కొట్టాను. విప్పి చూస్తే ముక్క ఎండిన ఉసిరికాయలా ఉంది. అక్కా బావా భోజనం చేస్తుండగా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. మా బావ దాన్ని వేళ్లతో తిప్పి చూసి, "గొట్టంల పెట్టి కొడ్తే గిట్లనే అయితది. సముద్రం గొట్టమా?" అన్నాడు. మా అక్క, "అన్నం తినే కాడనే తేవాల్నా?" అని ముక్క తీసి చెత్తబుట్టలో వేసింది. నేను లేచి రాబోతుంటే మా బావ వెనక నుంచి, "సరే, నీ పరేషాన్ నాకెందుకు? రెండు బుంగల్నీ రోళ్లకు కట్టి అడుగున ముంచి పెడ్త. ఎన్ని దినాలన్న ఉండనీ. తాడు కోసినంక ఏది తేలుతదో మనమే సూద్దాం" అన్నాడు. అన్నట్టే చేశాడు. మా అమ్మ ఇంటి నుంచి వచ్చిన పాత రోళ్లు రెండు, నైలాన్ తాళ్లు రెండు. ఆయన దృష్టిలో అది రాజీ.

ఆ పరీక్ష ఫలితం కోసం ఎవరూ ఆగలేదు. తెల్ల ఫోముతోనే సరుకు తయారైంది. లారీ ఇంటి ముందు నిలబడిన రోజు మా బావ డ్రాయింగు తెచ్చి నా ముందు పెట్టాడు. సరిచూసిన ఇంజనీరుగా నేను సంతకం పెట్టాలి. కాంట్రాక్టరుకు చెప్పింది నా పేరే. లారీకి దండ వేసి ఉంది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి, మా అక్క హారతి పళ్లెంతో గేటు దగ్గర ఉంది.

"బావా, ఆ పైపు బిగించనీకి కింద మనుషులుంటరు. డైవర్లు" అన్నాను.

"ఉంటరు. ఉంటే?"

"వాళ్ల మీద పడ్తది."

"పడదు. నువ్వు సంతకం పెట్టు. అందరూ సూస్తున్నరు."

"పెట్టను. ఇది మునుగుతది" అన్నాను.

గట్టిగానే అన్నాను. డ్రైవరు కూడా విన్నాడు. మా అక్క చేతిలో పళ్లెం ఒరిగి కర్పూరం కింద పడింది. "శుభమా అని బండి కదులుతుంటే గదేం మాటనే? నీ నోట్లె ఏమన్న ఉన్నదా?" అంది. ఆ రోజు సాయంత్రం దాకా లారీ కదలలేదు, వర్జ్యం పోవాలని. ఈలోగా మా బావ స్నేహితుడొకాయన, బతుకంతా రోడ్లు వేసి రిటైరైనవాడు, వచ్చి టీ తాగి సంతకం పెట్టి వెళ్లాడు. నేను నా టిఫిన్ డబ్బా, స్కేళ్లు సంచిలో వేసుకుని మల్కాజ్‌గిరిలోని మా ఇంటికి బస్సెక్కాను.

అవి మునిగాయి. పైపు దింపుతుంటే లోతులో డొల్లలు పగిలి, ఫోము నలిగి, ఫ్లోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి చేతులెత్తేశాయి. పైపు జారి అడుగున మడతపడింది. కింద ఉన్న డైవర్లలో ఒకాయన చెయ్యి దాని కింద నలిగింది. ఈ సంగతి మాకు ఫోనులో తెలిసింది. మా చుట్టాల్లో ఒక్కరంటే ఒక్కరు ఆ మనిషెవరు, ఏ ఊరు, చెయ్యి ఉందా పోయిందా అని అడగలేదు. అందరూ అడిగింది నన్ను. అంత మాట ఎందుకన్నావని. మా బావ కాంట్రాక్టరుతో నీటి వడి వల్లనని చెప్పాడు. ఇంట్లో మాత్రం, "ఆమె నోరు తగిలింది" అన్నాడు. మా అక్క నాకు ఫోన్ చేసి, "నీ నోట్ల నుంచి వచ్చింది, అయింది. ఇగ మా గడప తొక్కకు" అంది. లెక్క వేసి చెప్పినదాన్ని శాపం పెట్టినదాన్ని చేశారు. బన్సీలాల్‌పేట్‌లో మా పిన్ని ఇంట్లో గృహప్రవేశం జరిగితే పాలు పొంగించేటప్పుడు నన్ను మెల్లగా వెనక గదిలోకి పంపించారు, నేను పాల గురించి ఏమైనా అంటానేమోనని. వేరే ఆఫీసులో చేరాను. నా ఫ్లోట్లు ఎక్కడెక్కడో నీళ్ల మధ్య నిలబడి ఉన్నాయి. వాటి గురించి మా ఇళ్లలో ఎవరికీ తెలియదు. తేలినదాన్ని గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

అక్క ఫోన్ చేసిన మర్నాడు కార్ఖానా వెళ్లాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొత్త సంపు పక్కకు కట్టి, పాతదాని మీద పలక వేసి దాని మీద కారు పెట్టుకున్నారట. పలక తీస్తే వాన నీళ్లు దిగి నిండుగా ఉంది. నల్లటి నీళ్లు, కుళ్లు వాసన. మా బావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు, చేతికర్ర వచ్చింది. జాలి కలుగుతుందేమోనని కాసేపు చూశాను. కలగలేదు. "వచ్చినవా ఇంజనీరమ్మా" అన్నాడు, అదే గొంతు. నీళ్లు తోడే ముందు తాళ్లు కోసేయమని మా అక్క పనివాళ్లకు చెప్పింది. ఒకతను గడకు కొడవలి కట్టి లోపలికి పెట్టి తెంపాడు.

మొదటిది వచ్చిన తీరు చూడాలి. నీళ్లు చీల్చుకుని ఎగిరి గట్టుకు తగిలి, ఆ మురుగంతా మా బావ తెల్ల లుంగీ మీద చిమ్మింది. తర్వాత మధ్యలోకి పోయి నిలకడగా తేలుతూ ఉండిపోయింది. అది నాది. పక్కన నేను చెక్కించిన గుర్తు కనబడుతూనే ఉంది. రెండో తాడు కూడా తెంపాడు. ఏమీ రాలేదు. గడతో కదిపారు, రాలేదు. చివరకు కొక్కెం వేసి ఇద్దరు పట్టి లాగితే, పగులులోంచి బొటబొటా నీళ్లు కారుస్తూ బయటికొచ్చింది. లోపలి తెల్ల ఫోము నాని, ముక్కలై, పాడైన రొట్టెలా ఉంది. మనిషి లోతు సంపులోనే, ఏ ఒత్తిడీ లేకుండానే.

మా బావ లుంగీ దులుపుకుని, "గన్నేండ్లు నీళ్లల ఉంటే ఏదైనా మునుగుతది" అన్నాడు. ఆయన కళ్ల ముందే, అన్నేళ్లూ అదే నీళ్లలో ఉన్నది తేలుతోంది. మురికి కడుక్కోవడానికి ఆయన కర్ర పట్టుకుని లోపలికి పోయాడు.

మా అక్క అక్కడే నిలబడి చాలాసేపు ఆ రెండిటినీ చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, వాసనకనుకున్నాను. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఆయన చెయ్యి ఏమైందే?" అంది.

ఆ డైవరు గురించేనని తెలిసి, ఎవరి చెయ్యి అని నేను అడగలేదు. "తెలువదక్కా" అన్నాను. అది నిజం. నేను కనుక్కోవాలని చూశాను, కాంట్రాక్టరు చెప్పలేదు.

"అప్పుడే అడగాల్సి ఉండె" అంది, ఎవరితోనో అన్నట్టు. లోపలికెళ్లి టీ పెట్టింది. ఇచ్చిన కప్పు తీసుకున్నాను గానీ తాగలేదు, గట్టు మీద పెట్టి వచ్చేశాను. నా ఫ్లోటును ఆటోలో వేసుకుని మల్కాజ్‌గిరి తెచ్చి మిద్దె మీద పెట్టాను. సముద్రపు లోతు ఒక్క పూటలో చేసే పనినే, లోతు లేని చోట కాలం తీరిగ్గా చేస్తుంది. మా అక్కను ఆ ఒక్క ప్రశ్న దాకా తేవడానికి దానికి ఇన్నేళ్లు పట్టింది, నా కోపాన్ని మాత్రం అది ఇంకా కొంచెం కూడా నలపలేకపోయింది.