అయివారి గొంతుకు నేను కొట్టిన ఊఁ

నా పేరు మునెమ్మ. వయసు డెబ్బై ఏడో ఎనిమిదో. రేషన్ కార్డులో డెబ్బై రెండని ఏసినారు, అది రాసినోళ్ళ ఇష్టం. ఊరు నగరి. ఇంట్లో రెండో కొడుకు, కోడలు, నాలుగు మరమగ్గాలు, నేను. చదువు రాదు. పోయిన నెల ఒగ మజ్జానం నూలు కండెలకి చుట్టుకుంటా ఉంటే, కోడలు నాలుగు మగ్గాలూ ఆపేసి వచ్చి నా ముందర నిలబడింది. "అత్తా, అయివారు పోయినారంట. తిరపతి ఆస్పత్రిలో" అనింది. పగటిపూట మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

అయివారంటే నా కొడుకులిద్దరికీ చదువు చెప్పినాయన. రిటైరైనాక, నా బతుకునీ మా నేతపనినీ పుస్తకం చేస్తానని పట్టుకున్నాడు. మూడేండ్లు వారానికి రెండు మాట్లు వచ్చినాడు. కాపీ ఇస్తే మీగడ కట్టేదాకా తాగడు. "అయివారూ, అది కాపీనా, పెరుగా?" అంటే, "నువ్వు కతలో ఉన్నెప్పుడు నేను గుటక ఏస్తే ఒగ మాట పోతాది అక్కా" అనేవాడు.

నేను మాట్లాడతా ఉంటే ఆయన ఫోను వినేది. ఆయన ల్యాప్‌టాప్‌లో ఏఐ అని ఒగటి ఉండాది, అది నా మాటల్ని అచ్చరాలు చేసేది. చెప్పిందే మళ్ళీ చెప్తే ఎత్తి చూపేది. ఏ కత ముందర పెట్టాల, ఏది ఎనక పెట్టాల అని అడిగితే దావ చెప్పేది. తప్పులు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేది. "ఇంత పని అదే చేస్తే ఇంగ నువ్వెందుకు?" అంటిని ఒగ రోజు. "దాన్ని కూలికి పెట్టుకోవచ్చక్కా, దత్తత చేసుకోగూడదు" అన్నాడు.

ఎందుకన్నాడో నాకు తొందరగానే తెలిసింది. ఒగ మాటు అది నా మాటల్ని ఉతికి ఇస్త్రీ చేసి పెట్టింది. "మా నాయన చీకట్లో కూడా పోగు తెగితే వేలితో కనుక్కునేవోడు" అని నేను చెప్పింటే, "నా తండ్రిగారు అపారమైన నైపుణ్యం గలవారు" అని ఉండాది. అయివారు చదివితే, "ఎవురామె? మా వీధిలో లేదే" అంటిని. ఆయన నవ్వి నవ్వి కాపీ పంచె మీద ఒలకబోసుకున్నాడు.

ఆ రోజే ఒగ కట్టడి పెట్టుకుంటిమి. అది రాసింది ఆయన నోటితో నాకు చదవాల. మాట మాట కాడా ఆగాల. నాదైతే నేను ఊఁ అంటాను. ఊఁ రాకుంటే ఆ మాట కొట్టేస్తాడు. లోకంలో కత వినేవోళ్ళు ఊఁ కొడతారు, మా కాడ చెప్పినదే ఊఁ కొట్టేది.

ఒగటి మాత్రం నేను చెప్పలేదు. మరమగ్గాలు దించడానికి, మా ఇంటి చేమగ్గం కింద కాళ్ళు దించుకునే గుంట మట్టేసి పూడ్చిన రోజు. రెండు మాట్లు అడిగినాడు. మూడోది అడగలేదు. "చెప్పనిది చెప్పనట్టే ఉండాల" అని, ఆ తావున "అక్క చెప్పలేదు" అని రాసి వదిలేసినాడు.

అయివారి పెద్దదినం, కర్మలన్నీ అయినాక ఆయన కూతురు వచ్చింది. తిరపతిలో ఉద్యోగం ఆ పాపకి. "అత్తా, నాయన పుస్తకం పూర్తయింది. ఆయన రాతలన్నీ చూపిస్తే ఏఐ మిగిలింది ఆయన మాదిరే రాసింది. వినండి" అని ఫోను నొక్కింది.

అయివారి గొంతు. చదువుకోని దాన్ని, నాకేం తెలుసు? పోయినాయన పక్కన కూచున్నట్టే ఉండాది. నా నోరు దానంతటది ఊఁ అనింది. మళ్ళీ అనింది. ఎన్ని మాట్లు అనిందో. కొంచేపటికి తెలిసింది, ఏఐ చేసిన ఆ గొంతు ఆగడం లేదు. నా ఊఁ మీద తొక్కుకుంటా పోతా ఉండాది. అప్పుడు మాటలు చెవికెక్కినాయి. మగ్గం గుంట పూడుస్తా ఉంటే నేను కూలబడి ఏడిస్తినంట, నా మొగుడు నా కొంగుతోనే నా కండ్లు తుడిచి, కాలంతో పాటు మారాల అన్నాడంట.

"ఆపు పాపా!"

"మీరు ఊఁ అన్నారు కదత్తా. ఊఁ అంటే అచ్చుకి పంపొచ్చని నాయనే చెప్పినాడు. పొద్దున్నే పంపేస్తా."

"నేను మాటకి అనలేదు, మనిషికి అంటిని."

"ఎంత బాగుండాదో! నాకు ఏడుపొచ్చింది."

"వస్తే నీ పేరు మీద ఏడువు. నా పేరు మీద ఏడవబాక."

పాప మొగం తిప్పుకునింది. మాట జాస్తి అయిందేమో. తండ్రి పోయిన బిడ్డ, ఆ గొంతు ఇంగొంచేపు విందామనుకునింది. అయినా వెనక్కి తీసుకోను. చేమగ్గం కాడ పడుగులో పోగు తెగితే చెయ్యి ఆగుతాది. మరమగ్గం ఆగదు, పోగు లేకుండానే నేసుకుంటా పోతాది. బట్ట చూసేదానికి బాగానే ఉంటాది.

అప్పట్నుంచి నాకు కాలు నిలవడం లేదు. వీధి చివరిదాకా పోతాను, ఎందుకొచ్చినానో తెలీక తిరుక్కుంటాను. ఆయన పోయినందుకో, ఆయన గొంతు పోనందుకో.

పాప మర్నాడు పంపలేదు, మూడోనాడు మళ్ళీ వచ్చింది. అచ్చుకి నేను ఒప్పుకునేదేదో, ఒప్పుకోనిదేదో చెప్పమనింది. చెప్తా ఉండాను, ఈ మాటలు పుస్తకం మొదటి పేజీలోనే అచ్చెయ్యాల. అయివారు ఆగి ఆగి చదివిందంతా నాదే. అచ్చరాలు ఏఐ చేసిందని దాయకుండా రాయండి, అందులో సిగ్గేం లేదు, ఆయనా దాయలేదు. గుంట పూడ్చిన కత నాది కాదు, తీసేయాల. ఆ రోజు నేను ఏడిస్తినో, గడ్డపార పట్టుకుని తిరగబడితినో, నాకూ నా మొగుడికీ తెలుసు. ఆయన ఎప్పుడో పోయినాడు. ఇంగ ఆయన గొంతు, అయివారిది, పాప ఇంట్లో వినుకోనీ. నాకు పెట్టొద్దు.

ఈ మాటలు రాస్తా ఉండేది ఆ పాపే. "ఫోనుకి చెప్పండత్తా, చిటికెలో అయిపోతాది" అనింది. చేత్తో రాయమంటిని. అలవాటు పోయినట్టుండాది, వేళ్ళు నొప్పులని రెండు మాట్లు విదిలించింది. గుంట మాట కాడికి వచ్చినప్పుడు తలెత్తి చూసింది. అడగలేదు. కలం కాగితం మీది నుంచి లేపి పట్టుకుని, నా నోటి దిక్కే చూస్తా అట్లే కూచునింది.

మునెమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.
చూసినోళ్ళు: కోడలు సుగుణ, పక్కింటి నేతగాడు దామోదరం.
చేవ్రాలు: అయివారి కూతురు. రాసింది చదివి వినిపించినాను. ప్రతి మాట కాడా ఆగినాను.